కాన్పు తర్వాత ఒకవైపు మెడనొప్పి, వాలిన రెప్ప: చలి చేసిందని ఊరుకోవచ్చా?

మీ చెల్లికి కాన్పయి మూడో వారం, ఎడమవైపు మెడ నుంచి కణత దాకా నొప్పి, ఆ వైపు రెప్ప కాస్త వాలింది, ఇంట్లో పెద్దవాళ్లేమో చలి చేసింది, నూనె రాసి మెడ తిప్పించి పట్టు వదిలిద్దాం అంటున్నారు, ఏం చేయాలి, మందులు వాడితే పాలు ఆపాలా అని అడిగారు. ముందు ఆ మెడ మీద ఎవరి చెయ్యీ పడనివ్వకండి. న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి ఈరోజే తీసుకెళ్లండి. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ అయినా సరే, ప్రైవేటు అయినా సరే. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

నాకు రెండో కాన్పు తర్వాత దాదాపు ఇలాగే వచ్చింది. మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని లోపలి పొర చిరిగింది. అప్పుడు గాజువాకలో అమ్మ దగ్గర ఉన్నాను. నొప్పి దవడ కింద మొదలై చెవి వెనక్కి పాకేది. కుడి చెవిలో నాడి కొట్టుకున్నప్పుడల్లా హుష్ హుష్‌మని చప్పుడు. దూది మరీ గట్టిగా కుక్కావని అమ్మని విసుక్కున్నాను గానీ, దూది తీసేసినా చప్పుడు పోలేదు. పాలిచ్చేటప్పుడు వంగి కూర్చుంటావు, అందుకే అన్నారు చూడొచ్చిన వాళ్లందరూ. ఒక క్లినిక్‌లో వెన్నుకిచ్చిన మత్తు వల్ల వచ్చిన తలనొప్పి అని మాత్రలు రాశారు. ఆ రకం తలనొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. నాది ఎలా ఉన్నా ఒకటే.

చివరికి న్యూరాలజిస్టు గదిలో లైటు ఆర్పించి కళ్లు చూశారు. చీకట్లో ఎడమ కంటిపాప పెద్దదైంది, కుడిది చిన్నగానే ఉండిపోయింది. కంటికి వెళ్లే సన్నటి నరాలు ఆ ధమని గోడని అంటిపెట్టుకునే పైకి పోతాయి. గోడలోకి రక్తం చేరి ఉబ్బితే అవి నలిగి, ఆ వైపు రెప్ప వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. దీన్నే హార్నర్ సిండ్రోమ్ అంటారు. మామూలు సీటీ బ్రెయిన్‌లో ఏమీ కనిపించలేదు. ఎమ్మారైతో పాటు మెడ రక్తనాళాల యాంజియోగ్రామ్ తీస్తేగానీ బయటపడలేదు. అందుకే స్కాన్ రాసేటప్పుడు, మెడ రక్తనాళాలు కూడా చూస్తారా అని నోరు తెరిచి అడగండి, మొహమాటం వద్దు.

కాన్పులో ముక్కడం, బీపీ, గర్భంలో హార్మోన్ల వల్ల రక్తనాళాల గోడల్లో వచ్చే మార్పులు, ఇలా కారణాలు చాలానే చెబుతారు. సిజేరియన్ అయినవాళ్లకీ వస్తుంది. అరుదైన జబ్బే. అసలు భయమల్లా చిరిగినచోట గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరుతుందేమోనని. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకి మొదలైందో రాసిపెట్టుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలనుకుంటే నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

పాలు ఆపాల్సిన పని నాకు పడలేదు. రక్తం గడ్డకట్టకుండా మొదట పొట్టకి హెపారిన్ ఇంజెక్షన్లు, తర్వాత వార్ఫరిన్ మాత్రలు ఇచ్చారు. హెపారిన్ పాలలోకి పోదు, వార్ఫరిన్ పోయేది లెక్కలోకి రానంత. కొందరికి ఆస్పిరిన్‌తోనే సరిపెడతారు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు వాడి మళ్లీ స్కాన్ చేస్తారు. చాలామందికి చిరుగు దానంతట అదే మానుతుంది. నాకూ మానింది. వార్ఫరిన్ అయితే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష తప్పదు. బాలింతకి పాలు పడాలని ఒక వారమంతా మునగాకు పెట్టి తర్వాత మానేస్తే ఆ లెక్క తారుమారవుతుంది, రోజూ ఒకే తీరుగా తినాలి. సొంతంగా నొప్పి మాత్రలు వేయకూడదు. వార్ఫరిన్ మీద ఉండగా గర్భం రాకూడదు, బిడ్డకి ప్రమాదం. అయితే ఈస్ట్రోజెన్ ఉన్న పిల్స్ కూడా వద్దు, వేరే పద్ధతి డాక్టర్నే అడగండి.

ఇంకోటి. బాలింతకి నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని మన వైపు పట్టు ఎక్కువ. నాకు అది మహా చిరాకు. ఒంట్లో నీరు తగ్గితే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అది కూడా తలనొప్పితోనే మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా బీపీ ఎగబాకి చూపు మసకబారడం, ఫిట్స్ రావడం కూడా ఉంది. కాబట్టి బయల్దేరే ముందు వీలైతే బీపీ చూపించి ఆ అంకె రాసుకోండి. డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్లండి. క్యాజువాలిటీలో తలనొప్పి అని కాదు, "కాన్పయి మూడు వారాలు, రెప్ప వాలింది" అని మొదటి మాటగా చెప్పండి.