చెవులు వినపడవా, మాటలు వినపడవా?

సందేహం: మా అమ్మ ఈ మధ్య "నాకు చెవులు సరిగా వినపడట్లేదే" అంటోంది. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి చెవి పాఠం చదువుతూ, "చెవులు వినపడటమేంటి అమ్మమ్మా, వినపడేది శబ్దం కదా, అలా అనకూడదు" అన్నాడు. అమ్మ చిన్నబుచ్చుకుంది. ఎవరిది ఒప్పు? అలాగే ఆ పాఠంలో చెవి ఎముకల పేర్లు కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని ఉన్నాయి. వాటి అర్థం ఏమిటి?

సమాధానం: మీ అమ్మగారిదే ఒప్పు. అబ్బాయి ఆలోచించి అడిగాడు కాబట్టి వాడినీ కోప్పడకండి.

'వినన్', 'పడు' కలిసి వినఁబడు అయింది. ద్రుతం (వినన్ చివరి 'న్') మీద ఉన్న పరుషం 'ప' సరళమైన 'బ'గా మారింది. అరసున్న జారిపోయి వినబడు మిగిలింది, వాడుకలో వినపడు కూడా స్థిరపడింది. రెండూ రాయొచ్చు. ఈ క్రియకు వినే మనిషి కర్త కాడు. 'నేను వినపడుతున్నానా?' అంటే నా గొంతు మీకు చేరుతోందా అని అర్థం. వినేవాడికి 'కు' చేర్చి 'నాకు వినపడుతోంది' అంటాం. ఆకలి వేసినా, నిద్ర వచ్చినా 'నాకు' అన్నట్టే ఇదీ.

ఇక కర్తగా శబ్దం రావచ్చు: 'గంట నాకు వినపడలేదు'. అవయవమూ రావచ్చు: 'నాకు చెవులు వినపడవు'. చెవులు బహువచనం కాబట్టి క్రియ 'వినపడవు' అయింది. ఒక్కటే అయితే 'ఎడమ చెవి వినపడదు' అంటాం. మొదటి వాక్యం ఆ ఒక్క గంట గురించి, రెండోది చెవికున్న శక్తి గురించి. 'కళ్ళు కనపడవు' అన్నదీ ఇదే తీరు. ముక్కుకూ నాలుకకూ మాత్రం ఈ వాడుక లేదు. వాసన తెలియట్లేదు, రుచి తెలియట్లేదు అంటాం.

చెవి పనిచేసే తీరు చూసినా 'పడు' చక్కగా కుదిరిన మాటే. చెవికి రెప్ప లేదు. 'నా చెవిన పడింది' అంటామే, నిజంగానే శబ్దం వచ్చి పడుతుంది. గాలిలో వచ్చిన కంపనం సుమారు 2.5 సెంటీమీటర్ల గొట్టం దాటి కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలికను మూడు చిన్న ఎముకలు అందుకుని, లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న కర్ణావర్తానికి అందిస్తాయి. అక్కడి ద్రవం కదిలితే రోమకణాలు, అంటే తల మీద సన్నని వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలు, స్పందిస్తాయి, ఆ స్పందన నరం ద్వారా మెదడుకు వెళ్తుంది. కర్ణావర్తం మొదట్లో ఉన్న కణాలు సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను పట్టుకుంటాయి, కొసన ఉన్నవి లావుపాటి, తగ్గు స్థాయి ధ్వనులను.

వయసుతో ముందు దెబ్బతినేవి సాధారణంగా ఆ మొదట్లోని కణాలే. పోయిన కణాలు మళ్ళీ పుట్టవు. మన భాషలో అచ్చులకు బలం ఎక్కువ, వాటి స్థాయి తక్కువ. స, త, ప లాంటి హల్లులు బలహీనమైనవి. 'స' లోని సవ్వడి చాలావరకు 4000 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 4000 కంపనాలకు, పైనే ఉంటుంది. అందుకే పెద్దవాళ్ళకు 'కాసు' అన్నా 'కాపు' అన్నా ఆ, ఉ మాత్రమే తెలిసి, మధ్య హల్లు జారిపోతుంది. "మాట వినపడుతోంది గానీ ఏమన్నావో తెలియట్లేదు" అని వాళ్ళు అంటే అది పరధ్యానం కాదు, ఉన్న సంగతి. గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి. ఎదురుగా కూర్చుని, నిదానంగా, హల్లులు స్పష్టంగా పలికితే మేలు. ఒకసారి చెవి డాక్టరుకూ చూపించండి.

ఈ సందర్భంలోనే ఇంకొకటి చెప్పాలి. ఫోన్లో 'మీ మాట వినలేకపోతున్నాను' అనడం ఈ మధ్య ఎక్కువైంది. తెలుగులో 'వినలేను' అంటే వినడానికి మనసు ఒప్పట్లేదని: 'ఆ పసివాడి ఏడుపు వినలేను'. 'వినడు' అంటే చెప్పినట్టు చెయ్యడని. చెవి సంగతైనా ఫోను సంగతైనా వినపడట్లేదు, వినిపించట్లేదు అనడమే సహజం.

ఇక ఎముకలు. కూటకం సంస్కృతం, సుత్తి అని అర్థం. దాగలి తెలుగు మాట. కమ్మరి కాల్చిన ఇనుమును ఏ దిమ్మ మీద పెట్టి కొడతాడో అది దాగలి. సుత్తి పక్కన దాగలి, ఎంత బాగా అమరిందో చూడండి! మూడోదాని పేరే నాకు నచ్చలేదు. కర్ణాంతరాస్థి అంటే 'చెవి లోపలి ఎముక', ఆ మాట మూడింటికీ సరిపోతుంది. దాని లాటిన్ పేరు స్టేపిస్‌కు అర్థం రికాబు, గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టుకునేది. రికాబుకు తెలుగులో అంకవన్నె అనే మంచి మాట ఉంది, దాన్నే వాడి ఉండాల్సింది. మూడు మిల్లీమీటర్లంత పొడవుండే ఆ ఎముక మన ఒంట్లోకెల్లా చిన్నది. పుస్తకంలోని బొమ్మ మీ అబ్బాయిని చూడమనండి, అచ్చం అంకవన్నెలాగే ఉంటుంది.