కొత్త టర్బో పెట్టాక ఐడిల్‌లో నీలి పొగ: ముందు డ్రెయిన్ హోస్ చూడండి

మిత్సుబిషి ఎవో కారు 4జీ63 ఇంజిన్‌కి బాల్ బేరింగ్ గ్యారెట్ టర్బో వేశాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు) నీలి పొగ వస్తోంది, లాగితే తగ్గుతోంది అని ఒక ఓనర్ అడిగారు. కొత్త టర్బో అంటున్నారు కాబట్టి సీల్‌ని అనుమానించకండి. లోపలికి వెళ్లిన ఆయిల్ కిందికి దిగట్లేదు. ఆ సీల్ రబ్బరుది కాదు, పిస్టన్ రింగులాంటి మెటల్ రింగు. టర్బో మధ్యలోని బేరింగ్ హౌసింగ్ ఆయిల్‌తో నిండితే, ఆయిల్ ఆ రింగుని దాటి టర్బైన్ (ఎగ్జాస్ట్) వైపు పోతుంది.

1. డ్రెయిన్ (టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే దారి). చాలామంది వదిలేసేది ఇదే. ఆయిల్ దిగేది తన బరువుతోనే, ప్రెషర్‌తో కాదు.
హోస్ లోపలి వ్యాసం కనీసం అర అంగుళం.
డ్రెయిన్ ముఖం నిట్టనిలువుకు 35 డిగ్రీలకు మించి వాలకూడదు. వాలితే హౌసింగ్ బోల్టులు వదులు చేసి తిప్పుకోండి.
హోస్ మధ్యలో ఎక్కడా కుంగకూడదు. సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) చేరే చోటు ఆయిల్ మట్టానికి పైనే ఉండాలి.
గాస్కెట్‌కి సిలికాన్ పూశారా? లోపలికి పిండుకొచ్చి దారి మూసేస్తుంది.

2. ఫీడ్ (టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు). బాల్ బేరింగ్‌కి 1 మి.మీ. రిస్ట్రిక్టర్ (ఆయిల్‌ని తగ్గించే సన్న రంధ్రం) కావాలి. హై ఆర్‌పీఎంలో టర్బో దగ్గర ఆయిల్ ప్రెషర్ 40–45 పీఎస్ఐ దాటకూడదు. జర్నల్ బేరింగ్ (బాల్స్ లేని రకం) అయితే రిస్ట్రిక్టర్ వద్దు.

3. డ్రెయిన్ బాగుంటే పీసీవీ (క్రాంక్‌కేస్ గాలిని బయటకు పంపే వాల్వ్), బ్రీదర్ హోస్ చూడండి. క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ ఉన్నా ఆయిల్ దిగదు.

4. మళ్లీ బిగించాక, ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఇంజెక్టర్, కాయిల్ కనెక్టర్లు పీకి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా క్రాంక్ చేయండి. ఆ తర్వాతే స్టార్ట్.

పొగ ఆగేదాకా బూస్ట్ కంట్రోలర్ ఆఫ్ చేసి, వేస్ట్‌గేట్ (బూస్ట్‌ని అదుపులో ఉంచే వాల్వ్) స్ప్రింగ్ ప్రెషర్ మీదే నడపండి. ఆయిల్ ఇన్‌టేక్‌లోకీ వెళ్తుంటే నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) వస్తుంది, అప్పుడు ట్యూనింగ్ చేసినా దండగే.