టెక్ సందేహాలు: అద్దింటి మేడ మీద డ్రమ్స్

ఈ వారం ఉత్తరాల్లో ఫోన్ల కంటే డ్రమ్స్ మోతే ఎక్కువగా ఉంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచి వచ్చిన నాలుగు ప్రశ్నలకు ఒకేసారి జవాబిస్తున్నాను. ఫోన్ల సంగతి అడిగినవాళ్లు వచ్చే వారం దాకా ఓర్చుకోండి.

మా బాబుకి 12 ఏళ్లు. స్టీలు డబ్బాలు, కుర్చీలు, చివరికి పప్పు గిన్నె కూడా వాయించేస్తున్నాడు. డ్రమ్ కిట్ కావాలట. 25 వేల దాకా పెట్టగలను. మేము మేడ మీద అద్దెకుంటున్నాం, కింద ఇంటి ఓనరు ఉంటారు. మామూలు డ్రమ్స్ కొనాలా, ఎలక్ట్రానిక్‌వా? – ఒక తండ్రి, రాయగడ

కింద ఓనరున్నారని మీరే రాశారు కాబట్టి సగం జవాబు అక్కడే తేలిపోయిందండీ. మామూలు కిట్ గట్టిగా వాయిస్తే 100 డెసిబెల్స్ దాటుతుంది. కిటికీలకు దుప్పట్లు కట్టినంత మాత్రాన ఆగే చప్పుడు కాదది. ఇంకో సంగతి, చౌక కిట్లలో డ్రమ్ములు ఫరవాలేదనిపించినా సింబల్స్ (కొడితే ఝల్లుమనే లోహపు పళ్లేలు) దగ్గర దొరికిపోతారు. మంచి సింబల్‌ని కంచుతో చేస్తారు. చౌక వాటిలో ఎక్కువగా పల్చటి ఇత్తడి రేకు ఉంటుంది. కొడితే వంటింట్లో పళ్లెం జారిపడ్డట్టు మోగుతుంది.

కాబట్టి ఎలక్ట్రానిక్ కిట్టే తీసుకోండి. అయితే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇక ఎవరికీ ఏమీ వినపడదని షాపువాళ్లు చెబితే పూర్తిగా నమ్మకండి. పుల్లలు ప్యాడ్ మీద పడే టకటక పక్క గదిలోకి వినిపిస్తుంది. దాంతో పెద్ద గొడవ ఉండదు. అసలు చిక్కు కాలితో తొక్కే కిక్ పెడల్‌తో. ఆ దెబ్బ స్టాండు కాళ్ల గుండా నేలలోకి దిగి, కిందివాళ్ల సీలింగులో దుబ్ దుబ్‌మంటుంది. పైన కూర్చున్నవాడికి అది తెలియను కూడా తెలియదు.

దీనికి డ్రమ్మర్లు వాడే చవకైన ఉపాయం ఒకటుంది. కిట్ పట్టేంత ప్లైవుడ్ పలకలు రెండు కోయించండి. కింది పలకకు అడుగుకొకటి చొప్పున బంతి కంటే చిన్న బెజ్జాలు పెట్టించి, వాటిలో టెన్నిస్ బంతులు కూర్చోబెట్టి, పైన రెండో పలక వేయండి. కిట్ దాని మీద ఉంటుంది. అదురు చాలావరకు బంతుల్లోనే చచ్చిపోతుంది. పిల్లలు వీధి క్రికెట్‌కి వాడే హార్డ్ టెన్నిస్ బంతులు పనికిరావు, మెత్తటివే కావాలి. అయినా మొదటి రోజే ఓనరుగారిని పైకి పిలిచి చూపించి, వాయించే వేళ ఏదో మాట్లాడేసుకోండి. ఏ ప్లైవుడ్డూ చేయలేని పని అది చేస్తుంది.

ఇక డబ్బు సంగతి. యమహా, రోలాండ్, అలెసిస్ లాంటి పేరున్న కంపెనీల కొత్త ఎలక్ట్రానిక్ కిట్లు చాలావరకు మీ బడ్జెట్‌లో రావు. అందుకని 25 వేలు పట్టుకుని రేపే విశాఖ రైలెక్కకండి. ముందు రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ ఒకటి, పుల్లల జత ఒకటి కొనండి. పెద్దవాళ్లు ఎక్కువగా వాడేది 5ఏ సైజు. 12 ఏళ్ల చేతికి కాస్త సన్నటి 7ఏ హాయిగా ఉంటుంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే, టిక్ టిక్‌మంటూ తాళం వేసే మెట్రోనోమ్ యాప్‌ని నిమిషానికి 60 మీద పెట్టి, కుడి ఎడమ కుడి ఎడమ అని రోజూ ఇరవై నిమిషాలు కొట్టించండి. విసుగ్గానే ఉంటుంది. మూడు నెలలు ఆ విసుగుని తట్టుకున్నవాడికి కిట్ కొనిపెడితే అది బట్టలారేసుకునే స్టాండు కాదు. ఈలోగా సెకండ్ హ్యాండ్‌లో మంచిది వెతకడానికి మీకూ టైమ్ దొరుకుతుంది.

కిట్ చూసేటప్పుడు 'ఇన్ని వందల సౌండ్లు' అన్న మాటకు పడిపోవద్దు. మీవాడు వాడేది అందులో మూడో నాలుగో. పీసుల లెక్క ఇంకో మాయ. మామూలు డ్రమ్స్‌లో ఫైవ్ పీస్ అంటే డ్రమ్ములు మాత్రమే అయిదు: కాలితో మోగించే కిక్, కూర్చున్నవాడి ముందుండే స్నేర్, రెండు టామ్‌లు, నేల మీద నిలబడే ఒక ఫ్లోర్ టామ్. సింబల్స్ లెక్కలోకి రావు. ఎలక్ట్రానిక్ కిట్ల ప్రకటనల్లో సింబల్ ప్యాడ్లను కూడా కలిపేసి ఎనిమిది, తొమ్మిది అంటుంటారు. కాబట్టి పెట్టె మీది అంకె వదిలేసి ప్యాడ్ మీద వేలితో నొక్కి చూడండి. జల్లెడలా వల ఉండే మెష్ ప్యాడ్ అయితే పుల్ల తేలిగ్గా ఎగురుతుంది, చప్పుడు తక్కువ, మణికట్టుకి మంచిది. గట్టి రబ్బరు రెండో మాట. స్నేర్ ఒక్కటైనా మెష్ ఉండేలా చూసుకోండి.

పెడల్ సంగతి చాలామంది పట్టించుకోరు. కొన్ని చౌక కిట్లలో సుత్తిలాంటి బీటరే ఉండదు, హార్మోనియం తొక్కుడు పలకలా ఒక స్విచ్ ఉంటుంది. కింది ఇంటికి అది మేలే కానీ, దాని మీద నేర్చుకున్న కాలు రేపు అసలు కిట్ ముందు తడబడుతుంది. మీ ఇంటి పరిస్థితికి నేనైతే బీటర్ ఉన్నదే తీసుకుని, కింద బంతులు వేస్తాను. స్టూలు, హెడ్‌ఫోన్స్ చాలాసార్లు పెట్టెలో రావు. వాటికి నాలుగు వేలైనా పక్కన పెట్టుకోండి. ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెడితే కుర్చీ చేతులు అడ్డుపడి వాడి భుజాలు పైకి లేస్తాయి, ఆ అలవాటు పోదు.

చాపలా చుట్టేసే సిలికాన్ డ్రమ్స్ మాత్రం వద్దు. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా చాలావాటిలో ఒకే శబ్దం. ఆ మాటకొస్తే పప్పు గిన్నే నయం.

మన ఊళ్ల ఆర్కెస్ట్రాల్లో 'ప్యాడ్స్' అనేవి వాయిస్తుంటారు కదా, అవి కొనొచ్చా అని కూడా అడిగారు. ఎనిమిది ప్యాడ్లుండే ఆ రోలాండ్ ఆక్టోప్యాడ్‌లో డోలక్, తబలా శబ్దాలు కూడా ఉంటాయి, చిన్న స్టాండు మీద నిలబడుతుంది. భజనలకు, ఫంక్షన్లకు అదే సుఖం. కాకపోతే పెడల్ విడిగా తగిలిస్తే తప్ప కాళ్లకు పని ఉండదు. మీవాడు డ్రమ్మర్ కావాలనుకుంటే రెండు చేతులతో పాటు రెండు కాళ్లూ నేర్వాలి.

చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. ఇంట్లో ఉన్న పాత ఎలక్ట్రానిక్ కిట్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌కి కలిపి డ్రమ్ సాఫ్ట్‌వేర్ వేశాను. కొట్టాక కాస్త ఆగి శబ్దం వస్తోంది. పైగా క్రాష్ సింబల్ కొడితే కౌబెల్ (ఆవు మెడ గంట శబ్దం) మోగుతోంది. ల్యాప్‌టాప్ మార్చాలా? – గుణుపురం

టెన్షన్ పడకండి, ల్యాప్‌టాప్ మార్చే ముందు సెట్టింగ్స్ మార్చి చూద్దాం. విండోస్ మామూలు సౌండ్ డ్రైవర్ (శబ్దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం) పాటలు వినడానికి సరిపోతుంది, వాయించడానికి కాదు. ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుని, మీ సాఫ్ట్‌వేర్‌లోని ఆడియో సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకోండి. అక్కడే బఫర్ సైజ్ ఉంటుంది, అంటే శబ్దాన్ని ఎంత ముక్క పోగుచేసి ఒక్కసారి పంపాలన్న లెక్క. ముక్క పెద్దదైతే ఆలస్యమూ పెరుగుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 512 బఫర్ అంటే దాదాపు 12 మిల్లీసెకన్లు, 128 అంటే 3. ముందు 128 పెట్టండి. చిటపటలు వినిపిస్తే 256కి పెంచండి. అప్పటికీ తేడా తెలుస్తుంటే ల్యాప్‌టాప్ బదులు శబ్దం పని చూసుకునే, బయట పెట్టుకునే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె గురించి ఆలోచించొచ్చు.

కౌబెల్ వెనక ఉన్నది అంకెల తికమక. మీ కిట్ కేబుల్ గుండా శబ్దాన్ని పంపదు, 'ఫలానా నంబరు, ఇంత గట్టిగా' అని మాత్రమే పంపుతుంది. దాన్నే మిడి అంటారు. జనరల్ మిడి పద్ధతిలో కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే జంట సింబల్స్) 42, క్రాష్ 49, కౌబెల్ 56. మీ పాత కిట్ క్రాష్‌కి వేరే నంబరు పంపుతున్నట్టుంది. సాఫ్ట్‌వేర్‌లో మ్యాపింగ్ అని ఉంటుంది. అందులో 'లెర్న్' నొక్కి, ప్యాడ్‌ని ఒకసారి కొడితే అది నంబరు పట్టుకుంటుంది. ఒక్కో ప్యాడ్‌కీ అలాగే చేయండి, పది నిమిషాల పని.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మంచివే ఉన్నాయి. డ్రమ్స్‌కి మళ్లీ వైరు హెడ్‌ఫోన్స్ కొనాలా? – పర్లాకిమిడి

కొనాలి. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు పట్టడం మామూలే. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక దెబ్బకీ ఇంకోదానికీ మధ్య 500 మిల్లీసెకన్లు. అంటే మీరు కొట్టింది ఆ వ్యవధిలో అయిదో వంతు నుంచి అయిదింట రెండు వంతుల దాకా ఆలస్యంగా వినపడుతుంది. ఏ చెయ్యీ కుదురుగా ఆడదు. కొన్ని కొత్త కిట్లలో బ్లూటూత్ ఉన్నా, అది ఫోన్‌లోని పాటను కిట్‌లోకి తెచ్చుకోవడానికి. దాంతో మీ ఇయర్‌బడ్స్‌కి సంబంధం లేదు.

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రానిక్ కిట్ బేరం వచ్చింది. ఏం చూసుకోవాలి? అడాప్టర్ పోయిందంటున్నారు. – బరంపురం

ప్రతి ప్యాడ్‌నీ మెల్లగా, గట్టిగా, నడుమన, అంచున కొట్టి చూడండి. మెల్లగా కొడితే పలకకపోయినా, ఒక్క దెబ్బకు రెండుసార్లు మోగినా, స్నేర్ కొడితే పక్క టామ్ పలికినా ముందు మాడ్యూల్‌లో (శబ్దాలు పుట్టించే పెట్టెలో) సెన్సిటివిటీ, థ్రెషోల్డ్, క్రాస్‌టాక్ సెట్టింగ్స్ మార్చి చూడమనండి. అప్పటికీ మారకపోతే ఆ ప్యాడ్ పోయినట్టే లెక్కేయండి. కేబుల్స్ కదిపి చూడండి. హైహ్యాట్ పెడల్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు శబ్దం మారాలి.

అడాప్టర్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఒకసారి సొరుగులో దొరికిన 9 వోల్టుల అడాప్టర్‌ని, పిన్ను సరిపోయింది కదా అని నా పాత రిథమ్ మెషీన్‌కి గుచ్చాను. సన్నగా కాలిన వాసన, అంతే. వోల్టులు సరిపోయాయి కానీ ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి. అడాప్టర్ మీద చిన్న వృత్తం, మధ్యలో చుక్క, అటూ ఇటూ ప్లస్ మైనస్ గుర్తులతో బొమ్మ ఉంటుంది. మాడ్యూల్ వెనకా అదే బొమ్మ ఉండాలి. రోలాండ్ వాటిలో ఎక్కువగా మధ్యది మైనస్, యమహా వాటిలో ప్లస్. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు. 'ఇన్‌పుట్ 100–240' అని ఉన్నది కొంటే సాయంత్రం వోల్టేజి పడిపోయినా ఇబ్బంది ఉండదు. ఉరుములు మొదలైతే మాత్రం ప్లగ్ పీకేయండి. అడాప్టర్ లేకుండా అమ్ముతున్నారు కాబట్టి ధరలో వెయ్యి రూపాయలు తగ్గించమనండి, ఒప్పుకుంటారు.