కుందేలుకు ఆపరేషన్ ముందు, తోడు తర్వాత

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ. మా ఇంట్లో 14 నెలల ఆడ కుందేలు ఉంది. మొన్నమొన్నటిదాకా మా పాప ఒళ్లో పడుకునేది. ఈమధ్య గిన్నె పెట్టడానికి బోనులో చెయ్యి పెడితే గుర్రుమని మీదకొస్తోంది. ఒకసారి పాపను కరిచింది. గడ్డి నోట కరుచుకుపోయి ఓ మూల పోగేసి, గొంతు కింద బొచ్చంతా పీక్కుని గూడు కట్టింది. రెండు వారాలు దాటాక మామూలైంది. మగ కుందేలును తెచ్చి జత కడితే కుదుటపడుతుందని కొన్న షాపులో అంటున్నారు. మా అత్తయ్య ‘ఒక్క ఈతైనా ఈననివ్వండి, తర్వాత చూద్దాం’ అంటున్నారు. గర్భసంచి తీయించేయమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. మావారేమో ఇంత చిన్న ప్రాణికి కడుపు కోయించడమేంటని భయపడుతున్నారు. ఆపరేషన్ నిజంగా అవసరమా? మత్తుకు తట్టుకుంటుందా? ఒంటరిగా ఉంటోందని పాప బాధ. తోడు ఎప్పుడు, ఎలా తేవాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ కుందేలుకు వచ్చింది ఉత్తుత్తి చూలు. కడుపులో పిల్లల్లేకపోయినా ఉన్నట్టే ఒళ్లు నమ్మేస్తుంది. కుక్కలకో ఆవులకో వచ్చినట్టు కుందేలుకు ఎద ఓ లెక్క ప్రకారం రాదు. ఈడుకొచ్చిన ఆడ కుందేలు దాదాపు ఎప్పుడూ జతకు సిద్ధంగానే ఉంటుంది. జతకట్టాక సుమారు 10 గంటలకు అండాలు విడుదలవుతాయి. ఒక్కోసారి మగది లేకపోయినా, మరో ఆడది మీదెక్కినా, వీపు మీద పదేపదే నిమిరినా అండాలు విడుదలైపోతాయి. అప్పుడు 16 నుంచి 18 రోజుల పాటు అది తల్లిలా నడుచుకుంటుంది. గూడు కడుతుంది, ఎవరు దగ్గరికొచ్చినా తరుముతుంది. మీరు చెప్పిన రెండు వారాల లెక్క దీనికి సరిపోయింది. పాపను కరిచింది కోపంతో కాదు, తన గూటిని కాపాడుకోవాలన్న తపనతో. ఆ సంగతి పాపకు చెప్పండి. ఇలాంటి రోజుల్లో గూడు పీకేయకండి, అదే దానంతటది వదిలేస్తుంది. గిన్నె మార్చాల్సినప్పుడు కుందేలు బయట తిరుగుతుండగా మార్చండి.

ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. అయినా నేను ఆపరేషన్ చేయించమనేది ఈ కోపతాపాల కోసం కాదు. పెద్ద భయం గర్భసంచి క్యాన్సర్. ఆడ కుందేళ్లలో ఎక్కువగా కనిపించే కణితి ఇదే. కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటిన వాటిలో 50 నుంచి 80 శాతం దాకా దీని బారిన పడతాయని పశువైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఇంట్లో బాగా చూసుకుంటే కుందేలు 8 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. అంటే మీ కుందేలు ఆయుష్షులో సగం పైగా ఆ ముప్పు ఉన్న వయసులోనే గడుస్తుంది. ఈ క్యాన్సర్ మొదట్లో మెల్లగా పెరుగుతుంది, పైకి ఏమీ కనిపించదు. మూత్రంలో రక్తం కనిపించేసరికి చాలాసార్లు ఊపిరితిత్తులకు పాకి ఉంటుంది. అండాశయాలు, గర్భసంచి ముందే తీసేస్తే ఆ మాటే ఉండదు.

మూత్రం గురించి ఒక మాట. కుందేలు మూత్రం ఒక్కోసారి తిన్న ఆకుల రంగు వల్ల నారింజ రంగులో, ఎర్రగా కూడా వస్తుంది. అది చూసి గాభరా పడి పరుగెత్తుకొచ్చేవాళ్లున్నారు. మరోవైపు, నిజంగా రక్తం పడుతున్నా ‘క్యారెట్ తిన్నదిలే’ అని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. రెండోది ప్రమాదం. చిన్న స్ట్రిప్ పరీక్షతో తేడా నిమిషంలో తేలిపోతుంది, అనుమానం ఉంటే చేయించండి.

మీ అత్తయ్యగారి మాట చాలా ఇళ్లలో వింటాను, ప్రేమతోనే అంటారు. కానీ ఒక ఈత ఈనితే ఆడ కుందేలు ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. చూలు 31 రోజులు. ఈనిన రోజే మళ్లీ జతకట్టి చూలు నిలుపుకోగలదు. అరడజను పిల్లలు పుట్టినా, నాలుగు నెలలు తిరిగేసరికి అవీ ఈడుకొస్తాయి. వాటిని ఎవరికివ్వాలో తెలియక పార్కుల్లో వదిలేస్తున్నారు. ఇంట్లో పెరిగిన కుందేలుకు కుక్క అంటే భయపడాలని కూడా తెలియదు, ఒక్క రాత్రి కూడా బతకదు. షాపువాళ్ల సలహా ఇక్కడికే దారి తీస్తుంది కాబట్టి ఇప్పుడు మగదాన్ని తేకండి.

ఇక మీవారి భయం. అది ఉత్త భయం కాదు. కుక్క, పిల్లి కన్నా కుందేలుకు మత్తు ఎక్కువ ప్రమాదకరం. 2008లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో 8,209 కుందేళ్లకు మత్తు ఇచ్చిన వివరాలున్నాయి. మొత్తం మీద నూటికి 1.39 చనిపోయాయి. ఆరోగ్యంగా ఉన్నవాటిని మాత్రమే లెక్కేస్తే 0.73. అదే అధ్యయనంలో కుక్కల్లో ఇది 0.17, పిల్లుల్లో 0.24. నేను ఈ అంకెలు దాచకుండా చెబుతాను, ఎందుకంటే అందులోనే ధైర్యం కూడా ఉంది. చనిపోయిన కుందేళ్లలో ఎక్కువ భాగం పోయింది ఆపరేషన్ టేబుల్ మీద కాదు, మత్తు దిగే వేళలో, ఆ తర్వాతి గంటల్లో. అంటే వెచ్చదనం, నొప్పి మందు, తిండి అనే మూడు విషయాల్లో జాగ్రత్తపడితే ఆ ముప్పును చాలావరకు తగ్గించుకోవచ్చు. మీ కుందేలు వయసు 14 నెలలే. ఆరోగ్యంగా ఉండి, ఒళ్లు చేయకుండా ఉంటే ఇది మంచి వయసు. మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలకే చేస్తాం. వయసు పెరిగేకొద్దీ గర్భసంచి చుట్టూ కొవ్వు పేరుకుని ఆపరేషన్ కష్టమవుతుంది.

ఉత్తుత్తి చూలు తగ్గిన వెంటనే కాకుండా మూడు, నాలుగు వారాలు ఆగి చేయించండి. ఉత్తుత్తి చూలు ఉన్నప్పుడు, అది తగ్గిన కొత్తలో గర్భసంచికి, పాల గ్రంథులకు రక్తం ఎక్కువగా చేరి ఉంటుంది. ఇంకో మాట, విజయవాడ ఎండల్లో మే నెల వద్దు. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి చెవుల్లోంచే ఎక్కువగా పోవాలి. 30 డిగ్రీలు దాటితే చాలు, దానికి వడదెబ్బ భయం. మిట్టమధ్యాహ్నం ఆటోలో బోను పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లడమే ఆపరేషన్ కన్నా పెద్ద గండం. తప్పనిసరైతే తెల్లవారుజామునే బయల్దేరి, ఏసీ ఉన్న చోట చేయించండి.

డాక్టర్‌ను ఎంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. కుక్కలకు అద్భుతంగా ఆపరేషన్ చేసే డాక్టర్‌కు కుందేళ్ల అనుభవం ఉండాలని లేదు. మొహమాటపడకుండా అడగండి: ఇంతకుముందు కుందేళ్లకు గర్భసంచి తీశారా? ముందురోజు రాత్రి నుంచి కడుపు మాడ్చమంటారా? తర్వాత ఏ యాంటీబయాటిక్ ఇస్తారు? రెండో ప్రశ్నకు ‘అవును, ఏమీ పెట్టకండి’ అని జవాబొస్తే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి మత్తులో కక్కుకుంటుందన్న భయమే లేదు. పైగా దాని పేగు ఆగకుండా కదులుతూనే ఉండాలి. తిండి ఆపితే పేగు ఆగిపోతుంది. ఆపరేషన్‌కు గంట, గంటన్నర ముందువరకు గడ్డి తింటూ ఉంటే చాలు.

మూడో ప్రశ్న కూడా అంతే ప్రాణప్రదం. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ లాంటి మందులు నోటి ద్వారా కుందేలుకు పడకూడదు. అవి పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపేస్తాయి, చెడ్డవి విజృంభించి విషం పుట్టిస్తాయి. ఇంట్లో పిల్లల జ్వరానికి మిగిలిన సిరప్ కొంచెం పోశామని చెప్పినవాళ్లున్నారు. ఎన్నడూ ఆ పని చేయకండి. కుక్కకు పేలు పడితే వీపు మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కూడా కుందేలుకు విషమే. ఇవి తెలిసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి. మీకు దగ్గర్లోనే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. అటువైపు తిరుపతిలో, తెలంగాణలో రాజేంద్రనగర్‌లో కూడా పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటులోనైతే పక్షులు, కుందేళ్లు వంటి వాటిని చూసే డాక్టర్లను వెతకండి.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మీ పని మొదలవుతుంది. గట్టు మీద, మంచం మీద ఎక్కించకండి. మెత్తటి గుడ్డ పరిచి, కాస్త వెచ్చగా, చీకటిగా, చడీచప్పుడు లేని చోట ఉంచండి. స్పృహ రాగానే ముందర గడ్డి, కొత్తిమీర, పుదీనా పెట్టండి. ఎంత తింటోందో, ఎన్ని పెంటికలు వేస్తోందో చూడండి. మొదటి రోజు పెంటికలు చిన్నగా, తక్కువగా ఉండటం మామూలే. కానీ 12 గంటలు గడిచినా నోట్లో ఏమీ పెట్టుకోకపోయినా, ఒక్క పెంటికా వేయకపోయినా రేపటిదాకా ఆగకండి, ఆ రాత్రే డాక్టర్‌కు ఫోన్ చేయండి. ముడుచుకుని కూర్చుని పళ్లు పటపట కొరుకుతుంటే నొప్పితో ఉందన్నమాట. నొప్పి మందు డాక్టర్ రాసినన్ని రోజులు ఇవ్వాలి. ‘మందులు ఎక్కువైపోతున్నాయి’ అని మధ్యలో ఆపేస్తే నొప్పికి తిండి మానేస్తుంది, తిండి మానేస్తే పేగు ఆగుతుంది. మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా ఇవ్వకండి. డాక్టర్ చెబితే, పెల్లెట్లు (షాపులో దొరికే గుళికల దాణా) నానబెట్టి జావలా చేసి సిరంజితో పక్కవైపు నుంచి కొంచెం కొంచెంగా తాగించాలి. నోటికి ఎదురుగా బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కుట్లు కొరుకుతుందేమోనని మెడకు ప్లాస్టిక్ గరాటు కట్టమంటారు కొందరు. కుందేలుకు అది చాలా ఇబ్బంది. రాత్రిళ్లు వేసే మెత్తటి పెంటికలను అది నేరుగా నోటితో అందుకుని తింటుంది. ఆ పోషకాలు దానికి కావాలి, గరాటు అడ్డం వస్తుంది. అందుకే కుట్లు చర్మం లోపలే పడేలా వేయమని ముందే అడగండి. పొట్ట మీద గాయాన్ని రోజుకు రెండుసార్లు చూస్తే చాలు. ఎర్రబడటం, వాపు, చీము, కుట్టు విడటం ఉంటే తీసుకెళ్లండి. పదిరోజులు దూకుడు, గెంతులు లేకుండా చూడాలి. పాప ఎత్తుకోకూడదు.

ఇప్పుడు తోడు సంగతి. కుందేళ్లు గుంపుగా బతికే జీవులు, పాప బాధలో నిజముంది. అన్నిటికన్నా బాగా కుదిరే జోడీ గర్భసంచి తీసిన ఆడది, వృషణాలు తీసిన మగది. రెండు ఆడవైతే తరచూ ఆధిపత్యం కోసం కొట్లాడుకుంటాయి, అసాధ్యమని కాదు గానీ కష్టం. మగదానికి మూడున్నర, నాలుగు నెలల నుంచి ఆపరేషన్ చేస్తారు. అయితే ఆపరేషన్ తర్వాత ఆరు వారాల దాకా దానిలో వీర్యం మిగిలే ఉంటుంది. ఆ రోజుల్లో ఆపరేషన్ కాని ఆడదాని దగ్గరికి పోకూడదు. మీ దానికి ఆపరేషన్ అయినా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి, హార్మోన్లు దిగాలి. షాపులో ‘మగది’ అని ఇచ్చినది ఆడదై తేలడం మామూలు సంగతి. లేత పిల్లల్లో పోల్చుకోవడం కష్టం. ఎవరైనా పెంచలేక వదిలేసిన పెద్ద కుందేలును తెచ్చుకుంటే మీకూ మంచిది, దానికీ ఓ ఇల్లు దొరుకుతుంది. ముందు డాక్టర్‌కు చూపించి, రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. తుమ్ములు, ముక్కు కారడం, చెవిలో గజ్జి వంటివి ఉంటే అప్పుడే బయటపడతాయి.

తోడుగా గినీపిగ్‌ను మాత్రం పెట్టకండి. కుందేలు పైకి కనిపించకుండా మోసే బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి గినీపిగ్‌కు న్యుమోనియా తెస్తుంది. అలాగే పొలంలో దొరికిన చెవులపిల్లిని (అడవి కుందేలును) తెచ్చి జత చేద్దామని అడుగుతారు. అది వేరే జాతి, ఇంటి కుందేలుతో కలవదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టి పెంచుకోవడం నేరం.

రెండింటినీ తెచ్చిన రోజే ఒకే బోనులో వేస్తే ఏమవుతుందో చాలామందికి తెలియదు. పెద్ద కళ్లతో, మెత్తగా కనిపించే ఈ ప్రాణులు ఒకదాని చెవులు ఒకటి చీల్చుకుంటాయి, పొట్ట చీరేసుకుంటాయి. మొదట పక్కపక్క బోనుల్లో పెట్టండి. మధ్యలో జానెడు సందు ఉంచండి, జాలీకి మూతి ఆనించి ముక్కులు కొరుక్కోకుండా. రోజూ మూత్రపు ట్రేలు, పరుపు గుడ్డలు మార్చి పెట్టండి, ఒకదాని వాసన ఇంకొకదానికి అలవాటవుతుంది. జాలీ పక్కన రెండూ మెదలకుండా పడుకోవడం, తింటున్నప్పుడు పట్టించుకోకపోవడం కనిపిస్తే తర్వాతి మెట్టుకు వెళ్లొచ్చు. దీనికి వారం పడుతుందా, రెండు నెలలు పడుతుందా అన్నది ఆ రెండు ప్రాణుల ఇష్టం.

ఆ తర్వాత రెండింటికీ కొత్తదైన చోటు చూడండి. మీ ఇంట్లో దానికి తెలియని స్నానాలగది, కింద జారకుండా మ్యాట్ పరిచి, సరిపోతుంది. చెల్లెలి ఇల్లయినా సరే. రెండు కుప్పలుగా గడ్డి, రెండు చోట్ల ఆకులు పెట్టి మొదటిసారి పది, పదిహేను నిమిషాలు కలిపి ఉంచండి. కొంచెం తరుముకోవడం, ఒకటి ఇంకొకదాని మీదెక్కడం ఎవరు పెద్దో తేల్చుకోవడమే, కంగారు వద్దు. కానీ తలవైపు ఎక్కితే వెంటనే దింపండి. కింద ఉన్నది జననాంగం కొరికితే ప్రాణాల మీదికొస్తుంది. తోకలు పైకి లేచి, చెవులు వెనక్కి అతుక్కుపోయి, రెండూ గుండ్రంగా తిరుగుతుంటే పోరు మొదలైనట్టే. మధ్యలో చేతులు పెట్టకండి, మందపాటి తువ్వాలు వేయండి, లేదా చీపురుకట్ట అడ్డుపెట్టండి. కారులో తిప్పి భయపెడితే ఒకదాన్నొకటి హత్తుకుంటాయని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. భయంతో దగ్గరగా ముడుచుకోవడం స్నేహం కాదు, ఆ ఒత్తిడికే పేగు ఆగిపోయిన కుందేళ్లున్నాయి.

రోజూ ఇలా సమయం పెంచుతూ పోవాలి. ఒకదాని తల ఒకటి నాకడం, ఆనుకుని పడుకోవడం, ఒకే ట్రేలో గడ్డి తినడం వరసగా కొన్ని రోజులు చూశాక, కడిగి శుభ్రం చేసి లోపలి అమరిక మార్చిన బోనులో కలిపి ఉంచండి. మొదటి రాత్రి పక్కనే ఎవరైనా పడుకోండి. ఎంత చేసినా కుదరకపోతే జాలీకి ఇటూ అటూ పక్కపక్కనే పెంచినా ఆ తోడు తోడే. ఒకసారి కలిశాక మాత్రం విడదీయకండి. ఒకదానికి జబ్బు చేస్తే రెండింటినీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆసుపత్రి వాసనతో ఒక్కటే తిరిగొస్తే ఇంట్లో ఉన్నది దాన్ని పరాయిదనుకుని తరమవచ్చు.