ముత్యపు నత్త అనవచ్చా?

సందేహం: ఒక పత్రికలో ‘ముత్యపు నత్తల పెంపకం’ అని రాశారు. ఇది సరైన మాటేనా? ముత్యం అన్నది సంస్కృతం నుంచి వచ్చిందేనా?

సమాధానం: ‘ముత్యపు నత్త’ తప్పు. నత్తకు ఉండేది ఒకటే గుల్ల, దానికి తల, కొమ్ములు ఉంటాయి. ముత్యాన్నిచ్చే జీవికి అసలు తలే లేదు. ఒక పక్క కీలు పడ్డ రెండు చిప్పల మధ్య బతుకుతుంది. పీచులాంటి దారాలతో సముద్రం అడుగున రాళ్లను పట్టుకుని, నీటిని పీల్చి వడగట్టుకుని, అందులోని సూక్ష్మజీవులను తింటుంది. చిప్ప అన్న మాటే చూడండి. కొబ్బరికాయ కొడితే వచ్చేవి రెండు చిప్పలు. అంటే జతలో ఒక సగాన్ని చిప్ప అంటాం. ‘ముత్యపుచిప్ప’ అని ఇంత తెలివైన మాట మన పెద్దలు ఇచ్చి ఉండగా, పత్రికలవారు నత్తను తీసుకురావడం బాధగా ఉంది. కాస్త చూసి రాయండి నాయనా! ‘ఆల్చిప్ప’ అనవచ్చు, కాని చెరువులో దొరికేదాన్ని కూడా అలాగే అంటారు.

చిప్ప అనగానే నాకు భర్తృహరి సంస్కృత సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి గుర్తొస్తాడు. కాలిన ఇనుము మీద పడితే పేరు లేకుండా పోయే నీరే ‘శుక్తిలోబడి మణిత్వము గాంచు’ అన్నాడు. శుక్తి అంటే ముత్యపుచిప్పే. భర్తృహరి మూలంలో స్వాతి కార్తె ఉంది, సాగరం ఉంది. లక్ష్మణకవి ఆ రెంటినీ వదిలేసి ‘శుక్తిలోబడి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టాడు. ఎంత పొదుపు! నిజానికి తమిళనాడుకు, శ్రీలంకకు మధ్య ఉన్న మన్నారు సింధుశాఖలో పది ఇరవై మీటర్ల లోతున ఉండే చిప్పలోకి వాన చినుకు దిగదు. చిప్పను తయారుచేసే లోపలి పొర కణాలు కొన్ని మాంసంలోకి జారి సంచిలా ఏర్పడి, చిప్ప లోపలి మెరుపు పూతనే పొర మీద పొరగా పోస్తాయి. ఈ కిటుకు పట్టుకునే 1973లో తూత్తుకుడిలో మన శాస్త్రవేత్తలు ముత్యాన్ని పండించారు.

ఇక పుట్టుక సంగతి. మౌక్తికం ప్రాకృతంలో ‘మొత్తియ’ అయింది, మనకు ముత్తియము, ముత్యము అయింది. మాట రూపాన్ని బట్టి తద్భవమే, అంటే సంస్కృతం నుంచి మారి వచ్చిందే. అయితే తమిళ, కన్నడ, మలయాళాల్లో ‘ముత్తు’ ఉంది. కౌటిల్యుడు ముత్యాల రకాలు చెబుతూ తామ్రపర్ణిని, పాండ్యదేశాన్ని ముందు పెట్టాడు. సరుకు దక్షిణాదిది. దానితోపాటు ‘ముత్తు’ ఉత్తరానికి వెళ్లి సంస్కృతంలో ‘ముక్తా’ అయిందని కొందరు పండితుల అభిప్రాయం. చిప్ప నుంచి విడివడింది కనుక ‘ముక్తా’ అని సంప్రదాయం చెప్పే వ్యుత్పత్తి. నాకు ‘ముత్తు’ నుంచి వచ్చిందన్నదే సమంజసంగా తోస్తుంది, కాని తేల్చి చెప్పలేను. పరీక్షలో మాత్రం తద్భవమనే రాయండి.