మెంబ్రేన్ ప్రోటీన్‌ను మామూలు బఫర్‌లో పలచన చేయవచ్చా?

కొన్న రీకాంబినెంట్ (ల్యాబ్‌లో జన్యువు చొప్పించి తయారుచేసిన) మెంబ్రేన్ ప్రోటీన్ ట్యూబు మీద '0.05% డీడీఎం' (సబ్బులాంటి ఒక డిటర్జెంట్) అని ఉంటే, దాన్ని ఉత్త పీబీఎస్‌లో (డిటర్జెంట్ లేని మామూలు ఉప్పు బఫర్‌లో) పది రెట్లు పలచన చేయవచ్చా అన్నది ప్రశ్న. చేయకండి, ప్రోటీన్ ముద్దకట్టే ప్రమాదం ఉంది.

మెంబ్రేన్ ప్రోటీన్ కణంలో ఉన్నప్పుడు దాని నడుము భాగం కొవ్వు పొరలో దిగబడి ఉంటుంది. ఆ భాగానికి నీళ్లంటే పడదు. పొరలోంచి బయటికి తీశాక డిటర్జెంట్ అణువులు నడుం చుట్టూ పట్టీలా చుట్టుకుని కాపాడతాయి. అయితే డిటర్జెంట్ ఒక స్థాయికి మించి ఉంటేనే ఈ ఏర్పాటు నిలుస్తుంది. డీడీఎంకి అది నీళ్లలో దాదాపు 0.009%. పది రెట్లు పలచన చేస్తే మీకు మిగిలేది 0.005%. పట్టీ ఊడిపోతుంది, ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కంటికి ఏమీ కనిపించకపోవచ్చు, అదే అసలు చిక్కు.

కాబట్టి పలచన చేసే బఫర్‌లోనూ డీడీఎం 0.02% దాకా ఉంచండి. డిటర్జెంట్ మీ పరీక్షకే అడ్డొస్తే నానోడిస్క్‌లో అమర్చిన ప్రోటీన్ తీసుకోవడం మేలు. అందులో చిన్న కొవ్వు పొర ముక్క కూడా ఉంటుంది.

ఇంకోటి, ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ వేసే ముందు అలవాటు కొద్దీ 95 డిగ్రీల దగ్గర మరిగించకండి. చాలా మెంబ్రేన్ ప్రోటీన్లు అలా గడ్డకట్టి, జెల్‌లో శాంపిల్ పోసే గుంట దగ్గరే ఆగిపోతాయి. బ్యాండ్ రాలేదని కంపెనీని తిట్టుకునే ముందు, మరిగించని అదే ప్రోటీన్ శాంపిల్‌ను 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి మళ్లీ జెల్ వేసి చూడండి.