బోలు ఎముకల వ్యాధికి వారానికొక మాత్ర: మీ అమ్మగారు వేసుకోవచ్చా?

మీ అమ్మగారికి 61 ఏళ్లని, ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో వెన్నెముక టి-స్కోరు (ఎముక ఎంత పలచబడిందో చెప్పే అంకె) -2.9 వచ్చిందని, వారానికొకసారి అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర రాశారని తెలిపారు. ఆమెకు ముందునుంచీ ఛాతీలో మంట ఉందని, పైగా ఈ మందుతో దవడ ఎముక దెబ్బతింటుందని ఎక్కడో చదివారని, అందుకే రెండు నెలలుగా మాత్రల అట్ట అలాగే ఉంచేశారని కూడా రాశారు. నేను వైద్యురాలిని కాను. నాకు 66 ఏళ్లు. ముట్లుడిగిన తొమ్మిదేళ్లకు, 59వ ఏట, ఇదే మాత్రతో నా చికిత్స మొదలైంది. మీ భయంలో కొంత న్యాయముంది, కొంత అనవసరం. ఏది ఏదో నా అనుభవం నుంచి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మాత్ర వేసుకున్నాక అరగంట పడుకోకూడదని నాకూ చెప్పారు. అది ఎంత ముఖ్యమో మాత్రం నాకు అప్పుడు అర్థం కాలేదు. తెల్లవారుజామున అయిదింటికి లేచి, మంచం పక్కనున్న చెంబులోంచి ఒక గుక్క నీళ్లతో మాత్ర మింగి, ఇంకా చీకటిగానే ఉంది కదా అని మళ్లీ నడుం వాల్చేదాన్ని. మూడో వారానికి ఇడ్లీ ముక్క దిగుతున్నా గుండెల మధ్య అడ్డం పడినట్టు ఉండేది, మంచినీళ్లు తాగినా మండేది. ఎండోస్కోపీ చేస్తే ఆహారనాళంలో పుండు కనిపించింది. మాత్ర కడుపులోకి జారకుండా దారిలో ఆహారనాళం గోడకు అంటుకుంటే అక్కడి పొర దెబ్బతింటుందని, నిండు గ్లాసు నీళ్లు తాగమనేదీ నిటారుగా ఉండమనేదీ అందుకేనని డాక్టరుగారు అప్పుడు వివరించారు.

కాబట్టి మొదటి మాత్ర వేసుకోక ముందే అమ్మగారి ఛాతీ మంట సంగతి ఆ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మామూలు గ్యాస్ అయితే జాగ్రత్తలతో వేసుకోమనవచ్చు. మింగడం కష్టంగా ఉన్నా, ఆహారనాళం సన్నబడి ఉన్నా, అరగంట నిటారుగా కూర్చోలేని పరిస్థితి ఉన్నా ఈ మాత్ర వాడకూడదు. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి కూడా ఇది పనికిరాదు. క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు ముందుగా చేయించమనేది అందుకే. రక్తంలో కాల్షియం తక్కువగా ఉంటే దాన్ని సరిచేసిన తర్వాతే ఈ మందు మొదలుపెట్టాలి.

వేసుకోమంటే, పద్ధతి ఇది. ఉదయం లేవగానే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో, నమలకుండా, చప్పరించకుండా మింగాలి. ఆ తర్వాత కనీసం అరగంట కూర్చోవడమో నడవడమో చేయాలి. ఏమైనా తినేవరకు పడుకోకూడదు. మన ఇళ్లలో కష్టమయ్యేది కాఫీ దగ్గరే. ఈ మందులో నూటికి ఒక వంతు కూడా ఒంటికి పట్టదు, కాఫీతో కలిపి వేసుకుంటే అందులోనూ సగానికి పైగా పోతుంది. పాలు, కాల్షియం మాత్ర కూడా ఆ అరగంటలో వద్దు. కాల్షియాన్ని భోజనంతో వేసుకుంటే సరిపోతుంది. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే వేసుకునేవారు ఆ ఒక్క రోజు ఏది ముందో, ఏది తర్వాతో డాక్టరును అడిగి రాయించుకోవాలి. ఒక వారం మరచిపోతే, గుర్తొచ్చిన మరుసటి ఉదయం ఒకటి వేసుకుని మళ్లీ పాత రోజుకే రావాలి తప్ప, ఒకే రోజు రెండు వేసుకోకూడదు.

నాకు పుండు మానిన తర్వాత మాత్రలకు బదులు ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు సెలైన్‌లా నరంలోకి ఎక్కించారు. మొదటిసారి మరునాడు జ్వరం, ఒళ్లంతా నొప్పులు వచ్చి, పారాసిటమాల్‌తో రెండు రోజుల్లో తగ్గాయి. రెండోసారి అంత బాధ లేదు. మాత్ర పడనివారికి ఇలాంటి దారి ఉందని మీ అమ్మగారికి చెప్పండి, ధైర్యంగా ఉంటుంది.

దవడ ఎముక సమస్య నిజమే, కానీ బోలు ఎముకల వ్యాధికి వాడే మోతాదులో చాలా అరుదు. క్యాన్సర్ రోగులకు తరచుగా, పెద్ద మోతాదుల్లో ఇచ్చేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. నేను మందు మొదలుపెట్టే ముందే పుచ్చిపోయిన దవడ పన్ను తీయించుకుని, గాయం మానిన తర్వాత మొదలుపెట్టాను. ఇప్పటికీ పళ్ల డాక్టరు దగ్గర కూర్చోగానే మొదట చెప్పేది ఈ మందు వాడిన సంగతే. ఏళ్ల తరబడి వాడినవారికి తొడ ఎముక అసాధారణంగా విరిగే ప్రమాదం కూడా ఉంది, అదీ అరుదే. అయితే అలా విరగడానికి కొన్ని వారాల ముందునుంచే తొడలోనో గజ్జలోనో సలుపు రావచ్చు, దాన్ని వయసు నొప్పి అని సరిపెట్టుకోకూడదు. ఈ కారణంగానే మాత్రలైతే సుమారు అయిదేళ్లకు, సెలైన్ అయితే మూడేళ్లకు మళ్లీ పరీక్షించి, కొందరికి విరామం ఇస్తారు. నేను ఇప్పుడు ఆ విరామంలోనే ఉన్నాను.

ఇదే వ్యాధికి ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్‌కు మాత్రం ఈ విరామం వర్తించదు, ఈ తేడా తెలియక మా వదినగారు చాలా బాధపడ్డారు. ఆరు నెలలని కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి, అక్కడ వేయించుకుంటే ఖర్చని, తిరిగి వచ్చాక చూసుకుందామని వాయిదా వేశారు. వచ్చాక పెళ్లి పనుల్లో మరో రెండు నెలలు గడిచాయి. ఒక రోజు బకెట్ ఎత్తబోతే నడుములో పట్టేసింది, ఎక్స్‌రేలో రెండు వెన్నుపూసలు నలిగిపోయి కనిపించాయి. ఈ ఇంజెక్షన్ ప్రభావం తగ్గగానే ఎముక వేగంగా కరిగిపోతుంది, గడువు ఒక నెల దాటినా ప్రమాదం మొదలవుతుంది. ఆపవలసి వస్తే దాని స్థానంలో వేరే మందు మొదలుపెట్టాలి. ఎప్పుడైనా మీ అమ్మగారికి దీన్ని సూచిస్తే, ఒప్పుకునే ముందు తేదీలు పాటించగలరా అని ఆలోచించుకోండి.

విటమిన్ డి 60,000 యూనిట్ల సాషేలు ఇచ్చి ఉంటే, అవి ఎక్కువగా వారానికొకటి చొప్పున కొద్ది వారాలకు రాసేవి. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. చీటీ మరోసారి చూడండి.

డాక్టరు సరేనంటే, ఇంట్లో మీరుండే రోజునే మాత్ర రోజుగా పెట్టుకోండి. మొదటి నాలుగు వారాలు గ్లాసు మీరే నింపి ఇచ్చి, ఆ అరగంట ఆమె పక్కన కూర్చోండి. మింగడంలో నొప్పి అన్నా, మంట ఎక్కువైందన్నా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.